ప్లేటులో లొంగిన ఈస్ట్

(ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



సుబ్బారావు గారి పేరిట మాట్లాడేవాళ్లు ఫోలిక్ ఆమ్లం గురించో, మెథోట్రెక్సేట్ గురించో, బోదకాలు జబ్బుకి వాడే హెట్రజాన్ గురించో చెబుతారని మీరు ఎదురుచూస్తారు. నేను ఆడవాళ్లకు వచ్చే ఈస్ట్ ఇన్‌ఫెక్షన్ గురించి, దానికి మందులు ఎప్పుడు పనిచేస్తాయి, ఎప్పుడు చేయవు అన్నదాని గురించి మాట్లాడబోతున్నాను. ఈ విషయానికీ ఆయనకీ చుట్టరికం పైకి కనబడదు గానీ దగ్గరిదే. భీమవరంలో పుట్టిన ఆయన అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలను నడిపిస్తున్న రోజుల్లో, బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు అక్కడ మిస్సోరీ రాష్ట్రపు పొలం మట్టిలోంచి ఒక సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. దాన్నుంచి వచ్చిన మందు ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్లలో మొట్టమొదటిది. 1948లో అది లోకానికి తెలిసింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు.

పెన్సిలిన్‌కి లొంగని జబ్బులు ఎన్నో ఆరియోమైసిన్‌కీ, దాని వెనకే వచ్చిన మందులకీ లొంగాయి. కానీ అవి చెడ్డ బాక్టీరియాతో పాటు మంచి బాక్టీరియానీ చంపాయి. అంతదాకా వాటి చాటున అణిగి ఉన్న కాండిడా అనే ఈస్ట్ నోట్లో, పేగుల్లో, యోనిలో విజృంభించింది. యాంటీబయాటిక్ కోర్సు ముగిసిన వారానికి దురదా మంటా అంటూ వచ్చే స్త్రీని ఈ హాల్లో ఉన్న గైనకాలజిస్టులలో చూడనివారు ఉండరు. ఆ రోజుల్లో ఆమెకు ఇవ్వడానికి మన దగ్గర ఉన్నది జెన్షన్ వయొలెట్, అంటే ఆ ఊదారంగు పూత. జబ్బు తగ్గినా తగ్గకపోయినా బట్టలకి మాత్రం మరక ఖాయం.

ఆ లోటు తీర్చింది ఇద్దరు ఆడవాళ్లు. ఎలిజబెత్ హేజెన్ న్యూయార్క్ నగరంలో మైక్రోబయాలజిస్టు. రేచెల్ బ్రౌన్ అదే రాష్ట్ర ఆరోగ్యశాఖలో కెమిస్టు, ఉండేది ఆల్బనీలో. హేజెన్ ఎక్కడెక్కడి మట్టినో తెప్పించి, అందులోని సూక్ష్మజీవులను పెంచి, కాండిడాని చంపేదేదైనా కనబడితే సీసాలో పెట్టి పోస్టులో ఆల్బనీకి పంపేది. బ్రౌన్ దానిలోంచి అసలు పదార్థాన్ని వేరుచేసి, మళ్లీ పోస్టులోనే తిప్పి పంపేది. ఫంగస్‌ని చంపేవి చాలానే దొరికాయి, కానీ వాటిలో ఎక్కువ భాగం ఎలుకల్నీ చంపేశాయి. చివరికి వర్జీనియాలో నోర్స్ అనే స్నేహితుల పొలం మట్టి నుంచి పనికొచ్చేది దొరికింది. సూక్ష్మజీవికి ఆ కుటుంబం పేరు పెట్టారు, మందుకి న్యూయార్క్ స్టేట్ పేరు మీద నిస్టాటిన్ అని పెట్టారు. అది 1950, అంటే ఆరియోమైసిన్ వచ్చిన రెండేళ్లకే. పేటెంటు మీద వచ్చిన కోటీ ముప్పై లక్షలకు పైగా డాలర్లను ఆ ఇద్దరూ సొంతానికి వాడుకోలేదు, పరిశోధనకి రాసిచ్చారు. మన దేశంలోనూ 1960ల మొదట్లో పింప్రిలోని హిందుస్తాన్ యాంటీబయాటిక్స్‌లో తిరుమలాచార్ గారి బృందం హామైసిన్ అనే మందుని ఇలాగే మట్టి జీవి నుంచి తీసింది. యోని కాండిడాకి దాన్ని చాలాకాలం వాడారు. ఈ తరం విద్యార్థుల్లో ఆ పేరు విన్నవాళ్లు తక్కువ.

ఇక అసలు విషయం. ప్రతి నలుగురు స్త్రీలలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా ఈ ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ఏ బాధా లేని ఆరోగ్యవంతులలో కూడా నూటికి పది ఇరవై మంది యోనిలో కాండిడా ఊరికే ఉంటుంది. కాబట్టి కల్చర్‌లో కాండిడా పెరిగిందన్నంత మాత్రాన అది జబ్బు కాదు. బాధ లేని మనిషికి వైద్యం అక్కర్లేదు. ఈ మాట మా ల్యాబ్ రిపోర్టుల కింద అచ్చు వేయించాలని నాకెప్పటినుంచో కోరిక.

అసలు ఇది కాండిడాయేనా అన్నది మొదటి ప్రశ్న. తెల్లబట్ట అవుతోందని వచ్చిన ప్రతి మనిషికీ ఈస్ట్ ఉండదు. ఈస్ట్ అయితే దురద ఎక్కువ, మూత్రం తగిలిన చోట మంట, విరిగిన పాలలా ముద్దలు ముద్దలుగా తెల్లబట్ట. వాసన దాదాపు ఉండదు. చేపల వాసన ఉంటే బాక్టీరియల్ వెజినోసిస్ అనుకోవాలి, పచ్చగా నురగగా ఉంటే ట్రైకోమొనాస్ అనుకోవాలి. కానీ లక్షణాలను నమ్ముకుంటే సగం సార్లు మోసపోతాం. 2002లో అమెరికాలో ఒక అధ్యయనం చేశారు. మందుల షాపులో తమంతట తాము ఈస్ట్ క్రీమ్ కొనుక్కున్న 95 మంది స్త్రీలను పరీక్షించి చూస్తే, ఒట్టి కాండిడా మాత్రమే ఉన్నది మూడో వంతు మందికే. కొందరికి అసలు ఏ ఇన్‌ఫెక్షనూ లేదు. వాళ్లలో ఎక్కువమంది అట్ట మీద రాసింది చదివి కొన్నవాళ్లే. మన దగ్గర కౌంటర్ మీద చేయి చాపి ‘దానికి ఒక మాత్ర ఇవ్వండి’ అని అడిగే ఆమె, వెనక నిలబడ్డ మగవాళ్లకి వినబడకుండా ఇంకేం చెప్పగలదు?

ఖరీదైన పరీక్షలు అక్కర్లేదు. పీహెచ్ పేపరు ముక్క ఒకటి యోని పక్క గోడకి తాకించి చూడండి. అక్కడి లాక్టోబాసిల్లస్ బాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంటాయి కాబట్టి మామూలుగా పీహెచ్ 4 దరిదాపుల్లో ఉంటుంది. కాండిడా ఆ పులుపులో హాయిగా బతుకుతుంది, దాన్ని మార్చదు. పేపరు 4.5 దాటి రంగు మారిందంటే ముందు వేరే జబ్బుల సంగతి చూడాలి. తర్వాత స్లైడు. స్రావం చుక్క మీద పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కవర్‌స్లిప్ పెట్టి, కాసేపు ఆగాలి. మా కుర్రాళ్లు ఆగరు. ఆగితే, అడ్డంగా ఉన్న చర్మకణాలు మెల్లగా కరిగి గాజులా పలచబడతాయి. వాటి మధ్యలోంచి ఈస్ట్ కణాలు, వాటి నుంచి సాగిన దారపు పోగులు తేలి కనబడతాయి. పోగులు కనిపిస్తే ఎక్కువసార్లు అది కాండిడా ఆల్బికన్స్. గుండ్రటి చిన్న కణాలు మొగ్గలతో ఉండి, పోగు ఒక్కటీ లేకపోతే అక్కడ నా అనుమానం గ్లబ్రేటా అనే మరో కాండిడా జాతి మీదికి పోతుంది. గ్లబ్రేటా పోగులు వేయదు. అందుకే స్లైడు మీద దాన్ని చూడకుండా వదిలేసే ప్రమాదమూ ఎక్కువే.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం కింద మన సురక్ష క్లినిక్కుల్లో తెల్లబట్టకి ఆకుపచ్చ కిట్ ఇస్తారు: సెక్నిడజోల్ రెండు గ్రాములు, ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాములు. మైక్రోస్కోపు లేనిచోట, ఆమె మళ్లీ వస్తుందో రాదో తెలియనిచోట అది తెలివైన ఏర్పాటే. నేను దాన్ని తప్పుపట్టను. నా గొడవంతా మూడోసారి వచ్చిన స్త్రీకి కూడా అదే ఆకుపచ్చ కవరు చేతిలో పెట్టి పంపడంతోనే.

రెండో ప్రశ్న, ఏ కాండిడా అన్నది. ప్రపంచం మొత్తం మీద ఈ ఇన్‌ఫెక్షన్లలో ఎక్కువ భాగం ఆల్బికన్స్‌వే, నూటికి ఎనభై ఐదు, తొంభై దాకా అని పాత పుస్తకాల లెక్క. మిగిలినవాటిలో ముఖ్యమైనది గ్లబ్రేటా. ఈ మధ్య దాన్ని నకసియోమైసిస్ గ్లబ్రేటా అంటున్నారు. ఆ తర్వాత ట్రాపికాలిస్, పారాప్సిలోసిస్, క్రుసై. వీటిని విడదీయడానికి లక్షల మిషన్లు కావాలనుకోవడం అపోహ. సీరం అర మిల్లీలీటరులో కాలనీని సూదితో తాకించి, 37 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచి స్లైడు వేసి చూడండి. ఆల్బికన్స్ అయితే కణం నుంచి సన్నటి గొట్టం మొలుస్తుంది, మొదట్లో నొక్కు లేకుండా. అదే జెర్మ్ ట్యూబ్. రంగుల అగార్ మీద అయితే ఆల్బికన్స్ ఆకుపచ్చగా, ట్రాపికాలిస్ నీలంగా వస్తాయి. క్రుసై గులాబీ రంగులో గరుకుగా పరుచుకుంటుంది. క్రుసైకి ఫ్లూకోనజోల్ పుట్టుకతోనే పనిచేయదు. ఆ ఒక్క పేరు తెలిస్తే, ఏ మందుకి లొంగుతుందో చూసే సెన్సిటివిటీ పరీక్ష లేకుండానే సగం జవాబు దొరికినట్టు.

ఇక్కడ మనకి బాగా దగ్గరి ఉదాహరణ ఒకటుంది. దాన్ని 2007లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు డయాబెటిస్ కేర్ పత్రికలో ప్రచురించారు. షుగరు జబ్బు, దానితో పాటు యోని కాండిడా ఉన్న 111 మందిలో ఆల్బికన్స్ ఉన్నది 32 మందికే. 68 మందిలో గ్లబ్రేటా. పాశ్చాత్య పుస్తకాల లెక్క ఇక్కడ తలకిందులైంది. ఆ గ్లబ్రేటా స్త్రీలలో కొందరికి 150 మిల్లీగ్రాముల ఫ్లూకోనజోల్ ఒక్క డోసు, కొందరికి 600 మిల్లీగ్రాముల బోరిక్ ఆమ్లం పద్నాలుగు రోజులు రోజూ యోనిలో పెట్టుకోమని ఇచ్చారు. ఫ్లూకోనజోల్ తీసుకున్న 35 మందిలో ఫంగస్ పూర్తిగా పోయింది 10 మందికి. బోరిక్ ఆమ్లం వాడిన 33 మందిలో 21 మందికి. క్యారమ్ బోర్డు మీద చల్లుకునే పొడిగా మనకు తెలిసిన బోరిక్ ఆమ్లం, మందుల కంపెనీల అభిమాన మాత్రని ఓడించింది. మన రెండు రాష్ట్రాల్లో షుగరు లేని ఇల్లు ఎక్కడుంది? పైగా ఈ ఐదారేళ్లుగా డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మందు చవకై ఊరూరా రాస్తున్నారు. అది చక్కెరని మూత్రంలోకి పంపేస్తుంది, ఆ చక్కెర తడి అక్కడే తగులుతుంది, ఈస్ట్‌కి విందు. ఆ మందు రాసే ఫిజీషియన్ ఒక్క వాక్యం ముందే చెబితే, ఆమె రెండు నెలల తర్వాత సిగ్గుపడుతూ ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లదు.

బోరిక్ ఆమ్లం గురించి ఒక హెచ్చరిక. అది యోనిలో పెట్టుకునేది. మింగితే విషం. పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త, గర్భిణులకు అసలు వద్దు.

ఇప్పుడు సెన్సిటివిటీ రిపోర్టు దగ్గరికి వద్దాం. నేను రావాలనుకున్నది ఇక్కడికే.

ఫంగస్ కణం చుట్టూ ఉండే పొరలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది. మన కణాల్లో దాని స్థానంలో కొలెస్టరాల్ ఉంటుంది. నిస్టాటిన్ ఆ ఎర్గోస్టెరాల్‌ని పట్టుకుని పొరని పాడుచేస్తుంది. క్లోట్రిమజోల్, ఫ్లూకోనజోల్ లాంటి అజోల్ మందులు ఎర్గోస్టెరాల్ తయారీనే ఆపుతాయి. ఈస్ట్‌కి తప్పించుకునే దారులున్నాయి: మందు పట్టుకునే ఎంజైముని మార్చుకోవడం, లేదా లోపలికి వచ్చిన మందుని పంపులు పెట్టి బయటికి తోసేయడం. గ్లబ్రేటా ఈ రెండో పనిలో ఆరితేరింది.

పరీక్ష ఎలా చేస్తామంటే, 96 గుంటల ప్లాస్టిక్ ప్లేటు తీసుకుంటాం. ఒక్కో గుంటలో మందు సగం సగం తగ్గుతూ పోతుంది: 64, 32, 16, 8, అలా 0.125 మైక్రోగ్రాముల దాకా. అన్నిట్లోనూ ఒకే కొలత ఈస్ట్, ఆర్‌పీఎంఐ అనే పోషక ద్రవం. 35 డిగ్రీల దగ్గర ఒక రోజు. మర్నాడు ప్లేటుని అద్దం మీద పెట్టి కిందనుంచి చూస్తాం. బాక్టీరియాకైతే తేటగా ఉన్న మొదటి గుంటని పట్టుకుంటే చాలు. ఫ్లూకోనజోల్‌తో అలా కుదరదు. అది ఈస్ట్‌ని చంపదు, పెరుగుదలని ఆపుతుంది. కాబట్టి మందు లేని గుంటతో పోలిస్తే మసక సగానికి తగ్గిన గుంటని ఎంచాలి. కొన్ని ఆల్బికన్స్ రకాలు మందు ఎంత పెరిగినా కాస్త మసకని వదలకుండా ఈడ్చుకుంటూ పోతాయి. రెండో రోజు చూస్తే అవి మొండివాటిలా కనిపిస్తాయి. మొదటి రోజు చూసినవాడికి లొంగింది, రెండో రోజు చూసినవాడికి లొంగలేదు. ఈస్ట్ అదే, ప్లేటూ అదే.

అంకె వచ్చాక దాన్ని గీతతో పోల్చాలి. అమెరికా సీఎల్‌ఎస్‌ఐ ప్రమాణం ప్రకారం ఆల్బికన్స్‌కి ఫ్లూకోనజోల్ 2 లేదా అంతకన్నా తక్కువైతే సెన్సిటివ్, 8 ఆపైన రెసిస్టెంట్, మధ్యలో 4 వస్తే డోసు పెంచితే లొంగవచ్చు. గ్లబ్రేటాకి ఫ్లూకోనజోల్ దగ్గర సెన్సిటివ్ అనే గడే లేదు. 32 దాకా డోసు మీద ఆధారం, 64 నుంచి రెసిస్టెంట్. అయినా గ్లబ్రేటా పక్కన ‘ఎస్’ అక్షరం వేసిన రిపోర్టులు నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. ఇంకా వింత, క్లోట్రిమజోల్‌కీ నిస్టాటిన్‌కీ మందు అద్దిన డిస్కు పెట్టి ‘ఎస్’ అనో ‘ఆర్’ అనో రాయడం. వాటికి సీఎల్‌ఎస్‌ఐ గీతలే గీయలేదు. 500 మిల్లీగ్రాముల క్లోట్రిమజోల్ మాత్రని నేరుగా యోనిలో పెట్టుకుంటే అక్కడ మందు ఎంత చిక్కగా ఉంటుందో, రక్తంలో తిరిగే మందు కొలతతో గీసిన గీతలు దానికెలా వర్తిస్తాయి?

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. ఆ గుంటల్లోని ద్రవాన్ని మేము పీహెచ్ 7 దగ్గర కట్టి ఉంచుతాం. రక్తానికి అది సరిపోతుంది. కానీ మన ఈస్ట్ బతికేది పీహెచ్ 4లో. 2012లో డెట్రాయిట్‌కి చెందిన జాక్ సోబెల్, ఆయన సహచరులు పదకొండు మందులని రెండు పీహెచ్‌ల దగ్గరా పరీక్షించి చూశారు. పీహెచ్ 4 దగ్గర అజోల్ మందుల బలం తగ్గింది. గ్లబ్రేటా విషయంలో కొన్ని మందుల అంకెలు ఎన్నో రెట్లు పైకి పోయాయి. అంటే ప్లేటులో లొంగిన ఈస్ట్ యోనిలో లొంగకపోవచ్చు. రిపోర్టులో ‘ఎస్’ ఉన్నా బాధ తగ్గలేదంటున్న స్త్రీ చెప్పేది నిజమే కావచ్చు. ఆమెని అనుమానించే ముందు మన ద్రవాన్ని అనుమానించాలి.

దీనికి అవతలి పక్షం కూడా చెప్పాలి. మాటిమాటికీ తిరగబెట్టే ప్రతి కేసుకీ ‘రెసిస్టెన్స్’ అనడం ఇప్పుడు ఫ్యాషనైంది. ఆల్బికన్స్‌తో తిరగబెట్టే చాలామందిలో ఆ ఈస్ట్‌కి మందు బాగానే పనిచేస్తుంది. తగ్గి మళ్లీ వస్తోందంటే మందు ఓడిపోయిందని కాదు. 2004లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో సోబెల్ బృందమే ప్రచురించిన ప్రయోగం చూడండి. పదేపదే ఈ జబ్బు వచ్చే 387 మందికి ముందు మూడు డోసులతో తగ్గించి, తర్వాత వారానికి ఒక 150 మిల్లీగ్రాముల మాత్ర ఆరు నెలలు ఇచ్చారు. ఆరు నెలలకి మాత్ర వేసుకున్నవారిలో 90.8 శాతం మంది జబ్బు లేకుండా ఉన్నారు, ఉత్త మాత్ర వేసుకున్నవారిలో 35.9 శాతం. మందు ఆపేసిన ఆరు నెలలకి మొదటి గుంపులో 42.9 శాతమే మిగిలారు. ఈ చివరి అంకెని రోగికి ముందే చెప్పాలి. ఆరు నెలల మందు ముగిశాక మళ్లీ దురద వస్తే, తన శుభ్రతలో లోపం ఉందని ఆమె కుమిలిపోకూడదు. భర్త మీద నింద వేయనూ కూడదు; ఆయనకి ఏ లక్షణమూ లేకపోతే ఆయనకి మాత్ర వేయడం వల్ల ఆమెకి ఒరిగేదేమీ లేదు.

నిజమైన రెసిస్టెన్స్ ఆల్బికన్స్‌లోనూ ఉంది. 2012లోనే డెట్రాయిట్ క్లినిక్ తన పదేళ్ల రికార్డుల్లో అలాంటి 25 మంది స్త్రీలను గుర్తించి చెప్పింది. అంతకుముందు ఫ్లూకోనజోల్ ఎక్కువగా వాడినవాళ్లే అందులో ఎక్కువ. మన దగ్గర ఆ మాత్ర షెడ్యూల్ హెచ్‌లో ఉంది. అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలి. అయినా ఏ వీధి చివర షాపులోనైనా చీటీ లేకుండా దొరుకుతుంది. దాని పక్కనే ఫంగస్ మందు, యాంటీబయాటిక్, స్టిరాయిడ్ మూడూ కలిపిన గొట్టం. అది రాసుకుంటే మొదటి రోజు దురద తగ్గుతుంది, స్టిరాయిడ్ పుణ్యమా అని. తర్వాత కథ చర్మవైద్యులని అడగండి.

కొన్ని ముక్కలు త్వరగా చెప్పేస్తాను. గర్భిణికి పూత మందు, క్లోట్రిమజోల్ లాంటిది, ఏడు రోజులు. ఫ్లూకోనజోల్ మాత్ర వద్దు. షుగరుకి గ్లిపిజైడ్, గ్లిమిపిరైడ్ లాంటివి వేసుకునే స్త్రీకి ఫ్లూకోనజోల్ ఇస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మీద ఉంటే రక్తస్రావం కావచ్చు. ఒక్క మాత్రే కదా అనుకోవద్దు, అది ఒంట్లో సగం తగ్గడానికే సుమారు ముప్పై గంటలు పడుతుంది. కొత్త మందులు రెండు వచ్చాయి: 2021లో ఇబ్రెక్సాఫంగెర్ప్, 2022లో ఒటెసెకొనజోల్. రెండోదాన్ని పిల్లలు పుట్టే అవకాశం ఉన్న స్త్రీలకు వాడకూడదు. అంటే ఈ జబ్బుతో ఎక్కువగా బాధపడే వయసువాళ్లకే అది అందదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకర ఫంగస్‌ల మొదటి జాబితా వేసినప్పుడు ఆల్బికన్స్‌ని అన్నిటికన్నా పై వర్గంలో, గ్లబ్రేటాని రెండో వర్గంలో పెట్టింది. అది ఐసీయూల్లో రక్తంలోకి చేరే కాండిడాని చూసి వేసిన లెక్క. యోనిలో కాండిడా ప్రాణం తీయదు, కాబట్టి దానికి నిధులు ఉండవు.

ఇక వెనక బెంచీల్లో కూర్చున్న పీజీ విద్యార్థులతో ఒక మాట. యోని స్వాబ్‌ల నుంచి కాండిడా జాతులు, వాటి మందుల సెన్సిటివిటీ అన్న అంశం మీద మన రాష్ట్రాల్లో ప్రతి ఏటా ఎండీ థీసిస్‌లు వస్తూనే ఉంటాయి. నేనూ వాటికి ఎగ్జామినర్‌గా వెళ్లాను. అన్నీ ఒకే పట్టిక: జాతి, డిస్కు, ఎస్, ఆర్. ఈసారి రాసేవాళ్లు దయచేసి ఆ పట్టికకి మూడు గడులు కలపండి. స్వాబ్ తీసిన రోజు ఆమె యోని పీహెచ్ ఎంత. అదే ఈస్ట్‌ని పీహెచ్ 4 దగ్గర కట్టిన ద్రవంలో పెడితే అంకె ఎంత. ఆర్‌పీఎంఐ మీ దగ్గర ఎలాగూ ఉంటుంది, బఫర్ మార్చుకోవాలి, పెరుగుదల నెమ్మదిస్తుంది కాబట్టి కంట్రోల్ గుంటని జాగ్రత్తగా చూసుకోవాలి. మూడోది కష్టమైనది: రెండు వారాల తర్వాత ఆమెకి ఫోన్ చేసి దురద తగ్గిందా లేదా అని అడిగి రాయండి. మగ విద్యార్థులు ఆ పని స్టాఫ్ నర్సుతో చేయించండి, ఆమె నోరు విప్పి చెబుతుంది. అలాంటి థీసిస్ ఒకటి వస్తే ఎగ్జామినర్‌గా నన్ను పిలవండి, రిటైరైనా వస్తాను.